తొమ్మిది దెబ్బలు

మలైతుఫులో సాయంత్రం ప్రార్థన గంట మోగాక దారి మీద మనిషి కనబడితే, అతను తోవ తెలియని పొరుగూరివాడైనా కావాలి, ఇసాకో అయినా కావాలి.

ఈ దీవిలో, మా ఊళ్లో గంట మోగిందంటే మోగినట్టే. స్నానం చేస్తున్నవాడు ఒళ్లు తుడుచుకోకుండానే లోపలికి వచ్చేస్తాడు. పొయ్యి మీద చేమదుంపలు మాడినా సరే, మొగుడూ పెళ్లామూ అప్పటిదాకా జుట్టూజుట్టూ పట్టుకున్నా సరే, చాప మీద కూర్చుని తల వంచాల్సిందే. ఆ కాసేపటిని 'సా' అంటాం. సా వేళ దారి మీద అడుగు పెట్టినవాడికి ఒక పెట్టెడు చేపల డబ్బాలు జరిమానా. కాపలా నిలబడ్డ పెద్దలు పాస్టరుగారి కుక్కను కూడా తరిమికొడతారు. అలాంటి ఊళ్లో యాభై ఏడేళ్ల మనిషి, అందులోనూ ఒకప్పుడు ఆ గంట కొట్టిన మనిషి, పదకొండేళ్లుగా గంటకు ముందే కొండ దిగి సముద్రం వైపు వెళ్లిపోతుంటే ఎవరు మాత్రం ఏం చేస్తారు? కింద పాత ఊళ్లో ఇప్పుడెవరూ కాపురం లేరు. కాపురాలు లేని చోట సా లేదు. ఆ సందు ఇసాకోకి బాగా తెలుసు.

"వెళ్తున్నావా? వెళ్లు, వెళ్లు," అనేది అతని భార్య ఫేతు చాప పరుస్తూ. "దేవుడు ఇంట్లోకొచ్చే వేళకి నువ్వు బయటికి పోవాలిగా మరి. ఇద్దరూ ఉప్పూ నిప్పూనాయె."

"దుంపల మీద మూత పెట్టి ఉంచు," అనేవాడు ఇసాకో. అంతకుమించి ఒక్క ముక్క మాట్లాడేవాడు కాదు.

ఫేతు అలా వెటకారం చేస్తుందే గానీ, అతను మలుపు తిరిగాక ఒక్కతే కూర్చుని ఇద్దరి పేర్లతోనూ ప్రార్థన చేసేది. పిల్లల్లేని ఇల్లు. తల వంచడానికి ఇంకొక తల లేకపోతే ప్రార్థన కూడా ఒంటరిదే.

ఊళ్లో వాళ్లు ఇసాకోకి దేవుడి మీద కోపం వచ్చిందనుకున్నారు. అక్క పోయిన దుఃఖం అన్నారు, మనసు రాయి చేసుకున్నాడన్నారు. అదంతా వట్టిమాట. దేవుడు లేడనుకోగలిగితే అతనికి ఎంతో హాయిగా ఉండేది. ఉన్నాడనే గట్టి నమ్మకం. ఉన్నాడు, చూశాడు, లెక్కపెట్టాడు. అందుకే తేలు కుట్టిన దొంగలా నోరెత్తకుండా ఆయనకు మొహం చాటేసి తిరుగుతున్నాడు.

అతనికి పదిహేడో ఏట అబ్బింది గంట పని. పాత చర్చి పక్కన సీమపనస చెట్టుకు వేలాడదీసిన ఖాళీ గ్యాసు సిలిండరే మా గంట. మూరెడు ఇనపకడ్డీతో కొట్టాలి. ప్రార్థనకైతే మూడేసి దెబ్బలు, మూడు విడతలు, విడతకూ విడతకూ మధ్య నిండా ఒక ఊపిరి. తుఫానుకో నిప్పుకో అయితే లెక్కా పత్రం లేదు, వాన కురిసినట్టు ఆపకుండా బాదడమే. ఇరవై తొమ్మిదేళ్లలో ఇసాకో ఆపద గంట కొట్టింది రెండే రెండుసార్లు. ప్రార్థన గంట మాత్రం రోజూ తెల్లవారి ఒకసారి, సాయంత్రం ఒకసారి. నిద్రమత్తులో కొట్టాడు, జ్వరంలో కొట్టాడు, తండ్రి శవం ఇంట్లో ఉండగా వచ్చి కొట్టి వెళ్లాడు. కొన్నేళ్లకు అతని చెయ్యి అతన్ని అడగడం మానేసింది.

ఆ పని ఇప్పించింది అక్క లూపే. మా దగ్గర మగవాడికి తోబుట్టువంటే దేవుడి ఎదుట చేసుకున్న నిబంధన. పాస్టరునూ అక్కనూ పిలవడానికి మాకున్నది ఆ ఒకే మాట. ఆమెకు పెట్టకుండా తమ్ముడు ముద్ద ముట్టడు. ఆమె కంట నీరు పెట్టిస్తే వాడి కొంప గుండమవుతుందని పిల్లలకు కూడా తెలుసు. అతను ఆమెకు ఒళ్లొంచి సేవ చేస్తాడు, ఆమె అతని తరఫున దేవుడితో మాట్లాడుతుంది. అదీ ఒప్పందం.

లూపే ఇసాకో కంటే ఎనిమిదేళ్లు పెద్దది. పెళ్లి చేసుకోలేదు. చిన్నప్పుడు తుంటి విరిగి సరిగా అతక్క, చేతికర్ర ఊతంగా నడిచేది. ఆ కర్ర నడకకు ఎంత పనికొచ్చిందో మనుషుల్ని పొడవడానికీ అంతే పనికొచ్చింది. ఆదివారం ప్రసంగంలో కునుకు తీసే వీపులన్నిటికీ ఆ కర్ర తెలుసు.

"ఒరేయ్, రెండో విడతలో ఊపిరి మింగేశావు," అనేది అతను ఇంట్లో అడుగు పెట్టగానే. "ఏం, దేవుడికి బస్సు దాటిపోతోందా?"

"ఈ తేడాలు నీ ఒక్కదానికే వినబడతాయక్కా. ఊళ్లో ఎవరూ అనరు."

"ఊరు గంట వింటుందిరా. నేను మా తమ్ముడి చెయ్యి వింటాను."

అంటూ అరటిపండు ఒలిచి అతని చేతిలో పెట్టేది. తిట్టిన నోటితోనే తినిపించడం ఆమె పద్ధతి.

ఆ రోజు తెల్లవారుతుండగా ఇసాకో గంట కొట్టడానికి బయలుదేరాడు. ఫేతు ముందురోజే కొండ పైనున్న పుట్టింటికి వెళ్లింది. చర్చి దాకా వచ్చాడో లేదో నేల కదిలింది. ఎప్పుడూ వచ్చిపోయే కదలిక కాదు, ఆగదేమో అనిపించింది. సీమపనస మానును కావలించుకుని నిలబడ్డాడు. ఆగాక జనం వాకిళ్లలోకి వచ్చి ఒకరినొకరు పలకరించుకున్నారు, నవ్వుకున్నారు, పడిపోయిన గిన్నెలు ఏరుకుని మళ్లీ లోపలికి పోయారు. గోడల్లేని ఇళ్లు మావి, చల్లగాలికి చాలా ఇళ్లకు కొబ్బరాకు తెరలు ఇంకా దించే ఉన్నాయి. కాసేపటికి తీరం వైపు నుంచి చర్చి పెద్ద ఒకాయన పరుగెత్తుకొచ్చాడు.

"ఇసాకో! కొట్టు గంట! సముద్రం వెనక్కి పోతోంది! కొట్టవయ్యా, కొట్టు!"

ఇసాకో కడ్డీ అందుకున్నాడు. మూడు. ఊపిరి. మూడు. ఊపిరి. మూడు.

కొట్టింది చెయ్యి. ఆ కాసేపూ మనసు ఎక్కడుందో అతనికి ఇప్పటికీ తెలియదు. అది ప్రార్థన వేళ, చేతిలో కడ్డీ ఉంది, చెయ్యి తన పని తాను చేసుకుపోయింది. తొమ్మిదో దెబ్బ కాగానే ఎప్పటిలాగే కడ్డీ దించి తలెత్తాడు. నీళ్లుండాల్సిన చోట పగడపు రాళ్లు తేలి ఉన్నాయి. వాటి మధ్య చేపలు ఎగిరెగిరి పడుతున్నాయి. అప్పుడు తెలిసింది తను కొట్టిందేమిటో. అయ్యో దేవుడా అనుకుని మళ్లీ కడ్డీ ఎత్తి, వెర్రెత్తినవాడిలా బాదాడు. నీళ్లు మోకాళ్లకొచ్చినా ఆపలేదు, నడుముకొచ్చినా ఆపలేదు. ఆ తర్వాత అతను కొమ్మను పట్టుకున్నాడో, కొమ్మే అతన్ని పట్టుకుందో.

ఊళ్లో లూపే కాక ఇంకో ఏడిళ్లలో ఒక్కొక్కరు పోయారు. లూపే మూడో రోజున మడ చెట్లలో దొరికింది. ఆమెకు నాలుగడుగుల దూరంలో గుడ్డి తోమాసి ముసలాయన దొరికాడు. ఆయన పిడికిట్లో లూపే చేతికర్ర ఉంది. సముద్రానికి వేళాకోళం ఎక్కువ, ఎవరి వస్తువు ఎవరి చేతిలో పెడుతుందో చూడండి, అన్నారు జనం.

సమాధి దగ్గర పక్కింటి మిలియామా లేచి నిలబడింది. ఊళ్లో నోరంటే మిలియామాదే. సంత మధ్యలో మాట్లాడితే చర్చిలోకి వినబడుతుంది. ఆ రోజు మాత్రం గొంతు తగ్గించి మాట్లాడింది.

"నేను పరిగెత్తుతూ నా కళ్లతో చూశాను. గంట మోగగానే లూపే చాప మీద కూర్చుంది. తల మీద గుడ్డ కప్పుకుంది. 'లేవే, రావే' అని అరిచాను. చెయ్యెత్తి, ఆగు, ప్రార్థన అంది. ప్రార్థనలో ఉండగానే ప్రభువు తీసుకుపోయాడు తల్లీ."

జనమంతా ఆమెన్ అన్నారు. చచ్చినవాడి కళ్లు చారెడంటారు కదా, ఆదివారానికి ఆ కథ ఇంకాస్త పెరిగింది. అప్పటి పాస్టరుగారు దాని మీద గంటసేపు ప్రసంగం చేశారు. అలాంటి చావు మనకందరికీ దొరకాలన్నారు. బయటికొచ్చాక మగవాళ్లు ఇసాకోని వాటేసుకుని, "నువ్వు అంతసేపు బాదబట్టి బతికామయ్యా," అని ఏడ్చారు. ప్రాణభయంతో పరిగెత్తినవాళ్లకు మొదట ఎన్ని దెబ్బలు విన్నారో గుర్తుంటుందా? చర్చి పెద్ద కూడా కేకేసి కొండెక్కేశాడు. రోజూలాగే ప్రార్థన గంట కొట్టాకే సముద్రం సంగతి తెలిసిందనుకున్నారేమో, ఒక్కరూ అడగలేదు. ఇసాకో చెప్పలేదు. వాళ్ల ప్రతి కౌగిలింతా పుండు మీద కారంలా మండింది.

ప్రార్థన గంట విని కూర్చుంది. ఆ ముక్క అతని లోపల దిగబడిపోయింది. అక్క తన చెయ్యి వినేది. తన చేతిని నమ్మి కూర్చుంది. తనే కూర్చోబెట్టాడు.

మర్నాడు వెళ్లి, చెట్టు మొదట్లో బురదలో దొరికిన ఇనపకడ్డీని సముద్రంలోకి విసిరేశాడు. ఊరు కొండ మీదికి మారింది. అక్కడ చర్చికి రేకులషెడ్డు వేసి, బజారులో కొన్న చిన్న గంట కట్టారు. మొదటి ఆదివారం ఇసాకో తెల్లబట్టలు కట్టుకుని గుమ్మం దాకా వెళ్లాడు. లోపల ఆడవాళ్లు కీర్తన ఎత్తుకున్నారు. ఆ గొంతుల్లో ఒక గొంతు తక్కువైన చోటు అతనికి స్పష్టంగా వినబడింది. వెనక్కి తిరిగి వచ్చేశాడు. ఆ తర్వాత ఒక వారం మోకాళ్ల నొప్పి అన్నాడు, ఒక వారం తోటలో పని అన్నాడు, ఆ తర్వాత సాకులు చెప్పడం కూడా మానేశాడు.

కొత్త ఇంట్లో మొదటి సాయంత్రమే మొదలైంది అది. పైన చిన్న గంట మోగి ఆగింది. ఫేతు తల వంచింది. అప్పుడు కింది నుంచి, పాత ఊరి వైపు నుంచి వచ్చింది. మూడు. ఊపిరి. మూడు. ఊపిరి. మూడు.

"విన్నావా?" అన్నాడు.

"ఏంటి, సముద్రమేగా?"

లేచి కిందికి పరుగెత్తాడు. సీమపనస కొమ్మకు సిలిండరు కదలకుండా వేలాడుతోంది. కొట్టడానికి మనిషి లేడు, కడ్డీ లేదు. మర్నాడూ వినబడింది, ఆ మర్నాడూ. ఇంట్లో కూర్చుని వినడం కన్నా దాని దగ్గరికే వెళ్లి కూర్చోవడం మేలనిపించింది. అప్పట్నుంచీ రోజూ వెళ్లి, చర్చి మిగిల్చిన సిమెంటు మెట్టు మీద సముద్రం వైపు మొహం పెట్టి కూర్చునేవాడు. వెనకవైపు తమ పాత ఇల్లు ఉండిన చోటు. అటు ఒక్కసారి కూడా తల తిప్పలేదు. దయ్యాలంటే భయమా అంటే, ఉంది, ఎవరికి లేదు? కానీ అతని భయం వేరు. తిరిగి చూస్తే అక్క తల మీద గుడ్డతో అక్కడే కూర్చుని ఉంటుందని, ప్రార్థన ఎప్పుడు ముగుస్తుందా అని ఇంకా ఎదురుచూస్తూ ఉంటుందని. అప్పుడప్పుడు కొబ్బరినూనె వాసన వచ్చేది. అప్పుడు కళ్లు మూసుకునేవాడు.

అలా పదకొండేళ్లు. ఈ ఏడు కొండ మీద పక్కా చర్చి లేచింది. ప్రతిష్ఠ ఆదివారమనగా బుధవారం నాడు సఫోవా ఇసాకో ఇంటికి వచ్చాడు. సఫోవా ఊరి పెద్ద, గుడ్డి తోమాసి కొడుకు. నలుగురిలో తక్కువ మాట్లాడి ఎక్కువ పని జరిపించుకునే మనిషి. చంకలో ఒక చెక్క పెట్టుకొచ్చాడు.

"కింద ఉన్న పాత గంటను శనివారం పైకి తెప్పిస్తున్నాం," అన్నాడు. "ఆదివారం మొదటి గంట నువ్వే కొట్టాలి. దాని కింద ఇది పెడతాం."

చెక్క మీద అందంగా చెక్కిన అక్షరాలు. ప్రార్థన గంట విని మోకరించి, ప్రార్థనలోనే ప్రభువును చేరిన లూపే జ్ఞాపకార్థం.

"నా చేత కాదు సఫోవా. ఇంకెవరికైనా చెప్పు."

"నువ్వు చర్చికి రాకపోతే ఇన్నేళ్లూ ఊరుకున్నాం. అది నీకూ ఆయనకూ మధ్య సంగతి. మీ అక్క మాత్రం నీ ఒక్కడి సొత్తు కాదు. వస్తావు, కొడతావు."

అడకత్తెరలో పోకచెక్క అయింది అతని పని. కొడితే ఆ చెక్క ముందు నిలబడి కొట్టాలి. తను చేసిన తప్పు అక్క పేరు కింద పుణ్యమై, పుట్టబోయే పిల్లలు వేళ్లతో తడిమి చదువుకునే అక్షరాలై నిలిచిపోతుంది. కొట్టకపోతే ఎందుకు కొట్టవో చెప్పాలి. ఊరికి తెలిస్తే? ఏడు ఇళ్ల వాళ్లున్నారు. నీ గంటే బతికించిందని కావలించుకున్నవాళ్లు మొహాన ఉమ్మేస్తారు. ఊళ్లోంచి పొమ్మంటే ఈ వయసులో ఫేతును వెంటబెట్టుకుని ఎక్కడికి పోతాడు?

శనివారం సాయంత్రం కిందికి వెళ్లాడు. సిలిండరును తీసుకుపోయారు. సీమపనస కొమ్మ బోడిగా ఉంది. హమ్మయ్య, ఇవాళ్టితో తీరిందనుకున్నాడు. పైన చిన్న గంట మోగి ఆగింది.

ఏమీ లేని ఆ కొమ్మ దగ్గర్నుంచే వచ్చింది. మూడు. మూడు. మూడు.

ఇసాకో లేచి, పడుతూ లేస్తూ కొండెక్కాడు. సా ఇంకా ముగియలేదు. కాపలా పెద్దలు "ఏయ్!" అన్నా ఆగలేదు. ఇంట్లో ఫేతు ప్రార్థనలో ఉంది. పక్కనే చతికిలబడి అన్నాడు, "పెట్టెలోంచి అక్క అల్లిన మేలిచాప తియ్యి."

ఆ ఒక్క చాపే మిగిలింది లూపే చేతిది. ఫేతు దాన్ని పుట్టింట్లో దాచి ఉంచబట్టి నీళ్లకు పోలేదు.

"పెళ్లెక్కడ? చావెక్కడ? దేనికిప్పుడు ఆ చాప?"

"ఇఫోగాకి."

ఇఫోగా అంటే ఆటకాదు. ప్రాణం తీసినవాడు తెల్లవారకముందే తప్పు జరిగిన ఇంటి ముందు మేలిచాప నెత్తిన కప్పుకుని కూర్చుంటాడు. ఆ ఇంటివాళ్లు వచ్చి చాప ఎత్తితే క్షమించినట్టు. ఎత్తకపోతే కత్తి దూసినా కిమ్మనకూడదు.

"ఎవర్ని చంపావయ్యా?" అంది ఫేతు.

"అక్కని."

మొత్తం చెప్పాడు. చేతిని చూపించి చెప్పాడు, ఆ చెయ్యి తనది కానట్టు. ఫేతు మధ్యలో ఒక్క వెటకారం ఆడలేదు, వాళ్ల కాపురంలో అదే మొదటిసారి. అంతా విని కళ్లు తుడుచుకుని, "మరి ఎవరింటి ముందు కూర్చుంటావు? ఆవిడ మనింటి మనిషేగా," అంది.

"చర్చి ముందు. ఏడు ఇళ్ల వాళ్లూ అక్కడికే వస్తారు. ఆయనా అక్కడే ఉంటాడు."

"ఇఫోగాకి ఇంటిల్లిపాదీ కూర్చోవాలి. ఒక్కడివే పోయి కూర్చుంటే జనం నాకేం మర్యాద ఇస్తారు? నేనూ వస్తున్నా."

"నువ్వేం చేశావే?"

"నిన్ను చేసుకున్నానుగా. చాలదూ?"

తెల్లవారేసరికి ఇద్దరూ కొత్త చర్చి మెట్ల ముందు గులకరాళ్ల మీద కూర్చుని ఉన్నారు. మొగలి ఆకు చాప లోపల ఊపిరి వెచ్చగా తిరుగుతోంది. అంచు కింద జానెడు నేల తప్ప ఏమీ కనబడదు. ముందు పాస్టరుగారి చెప్పులు వచ్చి ఆగాయి. తర్వాత ఇంకొన్ని పాదాలు, ఇంకొన్ని. గుసగుసలు. అందరికన్నా చివర బొటనవేలికి గోరు లేని పెద్ద పాదాలు వచ్చాయి. సఫోవావి.

"ఇసాకో, చాప కింద ఉన్నది నువ్వేనా? ఏంటిది?"

ఇసాకో చాప కింద నుంచే చెప్పాడు. "ఆ రోజు నేను మొదట కొట్టింది ప్రార్థన గంట. తొమ్మిది దెబ్బలూ కొట్టాను. అది విని మా అక్క కూర్చుండిపోయింది. ఇంకెవరెవరు కూర్చున్నారో నాకు తెలియదు, దేవుడికి తెలుసు. పదకొండేళ్లు దాచాను. ఆ చెక్క నా అక్క పుణ్యం కాదు, నా పాపం. మీ ఇష్టం."

ఒక ఆడగొంతు ఏడుపు ఎత్తుకుని ఆగింది. ఈమధ్యే వచ్చిన కుర్ర పాస్టరుగారి చెప్పులు రెండడుగులు ముందుకు వేశాయి.

"ఆగండి అయ్యగారూ," అన్నాడు సఫోవా. "ఇది మా ఇళ్ల సంగతి."

పాదాలు కదల్లేదు. ఎండ చాప మీదికెక్కింది. చెమట కళ్లలోకి కారుతోంది. ఎవరి చేతిలో రాయి ఉందో, ఎవరి చేతిలో ఏముందో చాప కిందవాళ్లకు తెలియదు.

"నా మోకాలు పట్టేసింది," అంది ఫేతు గుసగుసగా.

"ఊరుకోవే."

"నేనేం లేస్తానన్నానా? పట్టేసిందన్నానంతే."

అప్పుడు దూరంగా ఒక గొంతు వినబడింది. "జరగండర్రా! ప్రతిష్ఠంటే ఇలా బయట నిలబడతారా, పాటల్లేవు, పాడు లేదు! ఎవరు పోయారు?" మిలియామా. డెబ్బై మూడేళ్లు వచ్చినా గొంతు తగ్గలేదు. ఎవరో చెవిలో విషయం చెప్పారు. చెప్పేకొద్దీ ఆమె మాట్లాడటం ఆగిపోయింది. తర్వాత గులకరాళ్ల మీద ధబ్బుమని కూర్చున్న చప్పుడు.

"అయ్యో, నా నోరు పడిపోను," అంది. "ఒరే ఇసాకో, ఆవిడ కూర్చోలేదురా!"

చాప ఒకసారి కదిలింది.

"కూర్చున్నది నేను. తెరలు దించుకుని, నీ గంట విని, చక్కగా కాళ్లు ముడుచుకుని నేను కూర్చున్నాను. మీ అక్క తెర ఎత్తుకొచ్చి కర్రతో నా వీపు మీద ఒక్కటిచ్చింది. 'లేవవే మొద్దూ, అది ప్రార్థన కాదు, మా తమ్ముడి చెయ్యి దారి తప్పింది, సముద్రం లేదక్కడ, పరిగెత్తు' అంది. నువ్వూ రావే అన్నాను. 'తోమాసికి కళ్లు లేవు, గంట విని కూర్చుని ఉంటాడు' అంటూ ఆ కాలీడ్చుకుంటూ కింది ఇంటి వైపు పోయింది. పోతూ వెనక్కి తిరిగి మరీ చెప్పింది, 'మా వాడి పొరపాటు ఎవరికైనా చెప్పావో, చచ్చాక కూడా వచ్చి తంతాను' అని. చెప్పొద్దంది కదా అని సమాధి దగ్గర ఏదో ఒకటి అల్లాను. పాస్టరుగారు ఆమెన్ అన్న అబద్ధాన్ని నేనెలా వెనక్కి తీసుకోనురా? నువ్వు దుఃఖంతో దూరమయ్యావనుకున్నానే గానీ, ఆ అబద్ధమే నిన్ను తినేస్తోందని అనుకోలేదురా నాయనా."

ఇసాకో చాప కింద నుంచే అన్నాడు, "అయినా నా వల్లే పోయింది పిన్నీ."

"నీ వల్లే పోయింది. కాదని ఎవరన్నారు? నువ్వు సరిగా కొట్టుంటే ఆవిడ ఇల్లిల్లూ తిరిగేది కాదు. కానీ కూర్చుని పోలేదురా. నీ చేతిని సరిచేస్తూ పోయింది."

తర్వాత గోరు లేని పాదాలు దగ్గరికొచ్చాయి. సఫోవా మోకాళ్ల మీద వంగాడు. చాప అంచు పట్టుకున్నాడు.

"మా నాన్న చేతిలో ఆ కర్ర ఎందుకుందో పదకొండేళ్లుగా ఆలోచిస్తున్నాను," అన్నాడు. "అక్క ఒక చివర పట్టుకుని నడిపిస్తోంది. ఆయన రెండో చివర పట్టుకున్నాడు. వదల్లేదు." అంటూ చాప ఎత్తాడు. ఎండ ఒక్కసారిగా మొహాన కొట్టింది. ఇసాకో తల ఎత్తలేకపోయాడు. సఫోవా అతని తలను తన భుజానికి ఆనించుకున్నాడు. మిగిలిన ఆరిళ్ల వాళ్లలో ఐదిళ్ల వాళ్లు వచ్చి భుజం మీద చెయ్యి వేశారు. ఒక ఇంటివాళ్లు రాలేదు. వాళ్లు ఇంకా రాలేదు, అది కూడా చెప్పాలి కదా. సఫోవా ఆ చెక్కను చంకలో పెట్టుకుని ఇంటికి పట్టుకుపోయాడు. ఇప్పటిదాకా ఇంకొకటి చెక్కించలేదు.

ఆ ఉదయం గంట ఇంకెవరో కొట్టారు. సాయంత్రం గంట వేళకు మాత్రం ఇసాకో తనే వచ్చాడు. కొత్త కడ్డీ చేతికి బరువుగా ఉంది. కొట్టేముందు చేతి వంక చూసుకున్నాడు, పొరుగూరివాణ్ణి చూసినట్టు. ఒక్కో దెబ్బా తనే కొట్టాడు. రెండో విడత తర్వాత ఊపిరి నిండుగా తీసుకున్నాడు.

తొమ్మిదీ కొట్టి నిలబడ్డాడు. కింది నుంచి వచ్చింది, ఎప్పటిలాగే. మూడు. మూడు. మూడు.

అక్క పిలుస్తోందనుకున్నాడు ఇన్నేళ్లూ. తన కోసం కూర్చుని ఉందనుకున్నాడు. కాదు, తిరుగుతోంది. ఆ కాలీడ్చుకుంటూ, చీకటి తెరలెత్తుకుంటూ, తమ్ముడి తప్పు సరిచేయడానికి ఇంకా ఇల్లిల్లూ తిరుగుతూనే ఉంది.

దారిలో కాపలా పెద్దలు అతన్ని చూసి పక్కకు జరిగారు. ఇంట్లో ఫేతు చాప పరిచి కూర్చుంది. ఆమె కాస్త జరిగి చోటిచ్చింది. అతను కూర్చుని, తన పక్కన ఇంకొక మనిషికి చోటు వదిలాడు.

పదకొండేళ్ల తర్వాత ఎలా మొదలుపెట్టాలో అతనికి గుర్తు రాలేదు. తల వంచి, దేవుడికి చెప్పాల్సింది పక్కన పెట్టి, ముందు ఆమెకే చెప్పాడు.

"అక్కా, ఇది ప్రార్థన గంటే. సరిగ్గానే కొట్టాను. ఇంక వచ్చి కూర్చో."